డ్రెస్సింగ్ టేబుల్ సొరుగు ఎప్పుడు దులిపారు?

ఫ్రిజ్‌లో నిన్నటి పులుసు వుంటే మూత తీసి వాసన చూడందే గరిటె పెట్టం. పాలు విరుగుతాయేమోనని అనుమానం వస్తే ముందు చిన్న గిన్నెలో కొంచెం కాచి చూస్తాం. కందిపప్పు డబ్బాలో ఒక్క పురుగు కనిపిస్తే చాలు, చాటలో పోసి ఎండబెడతాం. మరి మొహానికి రాసుకునే క్రీము సంగతి? కళ్ళకి పెట్టుకునే కాటుక సంగతి? అవి ఎప్పుడు కొన్నారో, ఎప్పుడు మూత తీశారో మీలో ఎంతమంది ఠక్కున చెప్పగలరు?

చెప్పలేకపోతే సిగ్గుపడవలసిన పనిలేదు. దాదాపు అందరిళ్ళలోనూ అదే తంతు.

హైదరాబాదులో నల్లగండ్ల సంగతే తీసుకోండి. ఒకప్పుడు చెరువు, పొలాలు, బండరాళ్ళ మధ్య చిన్న వూరు. ఇప్పుడు లింగంపల్లి దాటి తెల్లాపూర్ దారి పడితే మెడ నొప్పి పుట్టేంత ఎత్తున ఫ్లాట్లు. గచ్చిబౌలిలోనో నానక్‌రాంగూడలోనో ఉద్యోగం, ఇక్కడ కాపురం. మియాపూర్ అద్దె ఇంట్లోంచి ఇక్కడి సొంత ఫ్లాటుకి మారినప్పుడు సామాన్లు సర్దేవాళ్ళు సొరుగులో వున్నదాన్ని వున్నట్టే అట్టపెట్టెలో గుమ్మరిస్తారు. కొత్త ఇంట్లో మళ్ళీ కొత్త సొరుగులోకి అదే గుమ్మరింపు. అందులో ఏమేం వుంటాయి? పెళ్ళినాటి మేకప్ కిట్టు. అమెరికా నుంచి ఆడపడుచు తెచ్చిన లోషను. "మంచిది, తర్వాత వాడదాం" అని దాచి మూడేళ్ళయింది. సేల్‌లో ఒకటి కొంటే ఒకటి ఉచితమని వచ్చిన సన్‌స్క్రీను. హోటళ్ళనుంచి సంచిలో వేసుకొచ్చిన చిన్న సీసాలు. సగం వాడిన లిప్‌స్టిక్కులు అయిదారు. అడుగున ఎక్కడో, "మెరుపు వస్తుంది వాడండి మేడమ్" అని ఎవరో ఇచ్చిన, పేరూ వూరూ లేని ఒక తెల్ల డబ్బా.

నల్లగండ్లలోనేమిటి, తెనాలిలో అయినా, కరీంనగర్‌లో అయినా సొరుగు సొరుగే. సీసాల ధరలు మారతాయంతే.

ఇవన్నీ పారెయ్యమంటే చెయ్యి రాదు. పన్నెండు వందలు పోసి కొన్నాం, ఇంకా సగం వుంది, అడుగంటా గీకి వాడాలని మన పెంపకం. ఆ పొదుపు మంచిదే. కాని చర్మం మీద మచ్చలకి, దురదకి డాక్టరు ఫీజూ మందుల ఖర్చూ కలిపి లెక్కేస్తే ఆ సగం సీసా ఏపాటిది చెప్పండి?

డేటు దాటలేదుగా అంటారా?

"డబ్బామీద తేదీ చూశానండీ, ఇంకా ఏడాది గడువుంది" అని మీరు అనవచ్చు. మన దేశంలో సౌందర్య సాధనాల మీద తయారీ నెల, ఫలానా నెలలోపు వాడాలన్న గడువు, బ్యాచి నంబరు, తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు వుండి తీరాలని చట్టం చెబుతోంది. 1940 నాటి ఔషధాల, సౌందర్య సాధనాల చట్టం, దానికింద 2020 డిసెంబరులో వచ్చిన సౌందర్య సాధనాల నియమాలు ఇందుకు ఆధారం. అంతవరకూ బాగానే వుంది. కాని ఆ గడువు సీలు తియ్యని సీసాకి లెక్కకట్టింది. మీరు మూత తిప్పిన క్షణం నుంచి ఇంకో గడియారం తిరగడం మొదలవుతుంది. ఆ రెండో గడియారం సంగతి మన డబ్బాల మీద చాలావాటికి వుండదు.

విదేశాల నుంచి వచ్చిన సీసాల వెనక చూడండి. మూత పక్కకి తెరిచిన చిన్న డబ్బా బొమ్మ, దానిలో 6 అనో 12 అనో 24 అనో అంకె, పక్కన ఎం అక్షరం కనిపిస్తుంది. మూత తీశాక ఇన్ని నెలల్లో వాడెయ్యాలని దాని అర్థం. ఐరోపా దేశాలలో ఎక్కువకాలం నిలవుండే సరుకుల మీద ఈ బొమ్మ వెయ్యడం తప్పనిసరి. మన కంపెనీలు కొన్ని తమంతట తామే వేస్తున్నాయి. వున్నచోట దాన్ని నమ్మండి.

మూత తీస్తే ఏమవుతుందో చూద్దాం. క్రీము అంటే నూనె, నీరు కలిపి చిలికిన పదార్థం. నీరున్న చోట సూక్ష్మజీవి బతుకుతుంది. అది పెరగకుండా కంపెనీవాళ్ళు పారాబెన్లనో, ఫినాక్సీ ఇథనాల్ అనో కొన్ని రసాయనాలు కొద్దిగా కలుపుతారు. ఊరగాయలో ఉప్పూ నూనే చేసే పనే ఇది. ఆవకాయ జాడీలో తడిచెయ్యి పెట్టనిస్తారా మీ ఇంట్లో? పెడితే అత్తగారు వూరుకుంటారా? మరి క్రీము డబ్బాలో రోజూ పెట్టేది తడిచెయ్యే కదా! స్నానం చేసి వచ్చి, గోళ్ళ సందున వున్నదంతా కలిపి, వేలు ముంచి తీస్తాం. రోజుకి రెండుసార్లు, ఏడాదికి ఏడు వందల ముంచడాలు. ఆ కాపలా రసాయనం కొన్నాళ్ళు నిలబడి పోరాడుతుంది. తర్వాత దాని బలం తగ్గిపోతుంది. అప్పుడు బూజు కంటికి కనిపించాలనేం లేదు. లక్షల కొద్దీ బాక్టీరియా చేరినా క్రీము తెల్లగా, సువాసనగానే వుండవచ్చు.

బ్రిటన్‌లో ఆస్టన్ యూనివర్సిటీ వాళ్ళు 2019లో ఒక పరిశోధన ప్రచురించారు. జనం వాడుతూ వున్న లిప్‌స్టిక్కులు, లిప్‌గ్లాసులు, ఐలైనర్లు, మస్కారాలు, మేకప్ అద్దే స్పాంజీలు 467 సేకరించి పరీక్ష చేశారు. వాటిలో రకాన్నిబట్టి నూటికి 79 నుంచి 90 వరకు బాక్టీరియా వున్నవే. సెగ్గడ్డలు తెప్పించే స్టెఫైలోకాకస్, మలంలో వుండే ఇ-కోలై కూడా బయటపడ్డాయి. అందరికన్నా ఘనమైనవి స్పాంజీలు. వాటిలో నూటికి 93 ఒక్కసారైనా కడగనివట, 64 నేలమీద పడ్డాక కూడా దులిపి వాడినవట. బ్రిటన్ చలిదేశం. మనకి మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండ, ఆపైన వర్షాకాలపు ఉక్క. మన సొరుగు ఇంతకంటే పరిశుభ్రంగా వుంటుందని ఆశపడటానికి నాకైతే కారణం కనిపించడం లేదు.

ఇంకో సంగతి. కొత్త ఫ్లాట్లలో గదికి ఆనుకునే బాత్‌రూం, అందులో అద్దం కింద అందమైన గాజు అర. క్రీములన్నీ అక్కడే కొలువు తీరతాయి. గీజరు ఆవిరి, తడి, వేడి. సూక్ష్మజీవులకి ఇంతకన్నా మంచి విడిది దొరకదు. పడమటి కిటికీ పక్కన డ్రెస్సింగ్ టేబుల్ వున్నా కష్టమే. ఆఫీసుకి వెళ్ళేటప్పుడు కారులో వదిలేసే మేకప్ సంచి సంగతి చెప్పనే అక్కర్లేదు. వేడికి నూనె, నీరు విడిపోతాయి, కాపలా రసాయనాలు నీరసపడతాయి, సన్‌స్క్రీను తన పని చెయ్యడం మానేస్తుంది. గడువు లోపలి సన్‌స్క్రీనైనా సరే, ట్యూబు నొక్కితే ముందు నీళ్ళూ తర్వాత పిండీ వస్తోందంటే అది ఎండని ఆపదు. రాసుకున్నామన్న ధీమాతో మీరు ఎండలో తిరుగుతారు, మంగు మచ్చలు మరింత నల్లబడతాయి. రాసుకోకపోతే కనీసం గొడుగైనా వేసుకునేవారు!

ముందు కంటివి

సొరుగు దులపడం కంటి సామానుతో మొదలుపెట్టండి. మొహంమీద మొటిమ లేస్తే పది రోజుల్లో పోతుంది. కంటి నల్లగుడ్డు మీద పుండు పడితే చూపుకే ముప్పు.

1977లో అమెరికాలోని అట్లాంటా పరిశోధకులు ఒక వైద్యపత్రికలో రాసినదేమిటంటే, వాడుతున్న మస్కారాలో సూడోమొనాస్ అనే బాక్టీరియా పెరిగి, కంటి రెప్పలకి వేసుకునేటప్పుడు బ్రష్షు గుడ్డుకి గీసుకుని, ఆ గీతలోంచి క్రిమి లోపలికి దిగి కొందరికి నల్లగుడ్డు మీద పుళ్ళు పడ్డాయని. బ్రష్షు తీసి కంటికి తాకించి మళ్ళీ సీసాలో ముంచుతాం చూడండి, కంటి తడి అంతా లోపలికి చేరుతోందన్న మాట. అందుకే మస్కారా, ద్రవరూపంలో వుండే ఐలైనరు మూత తీసిన మూడు నెలలకి పారెయ్యాలని ఆ రంగంలో వాళ్ళే చెబుతారు. ఎండిపోయిందని నీళ్ళు కలపడం, ఉమ్ము తగిలించడం (నవ్వకండి, చాలామంది చేసే పనే!) అస్సలు పనికిరాదు. కాటుక పెన్సిలు కొంత నయం. చెక్కుకుంటే కొత్త మొన వస్తుంది. ట్విస్టు కాటుకకి ఆ సౌకర్యం లేదు.

2023 వర్షాకాలంలో కళ్ళకలక మన రాష్ట్రాల్లో ఎలా చుట్టబెట్టిందో మీకు గుర్తుండే వుంటుంది. ఇంట్లో ఒకరికి వస్తే అందరికీ వచ్చింది. ఎర్రబడిన కంటికి వాడిన కాటుక, అది నిన్న కొన్నదైనా సరే, పారెయ్యవలసిందే. అక్కాచెల్లెళ్ళు, తల్లీకూతుళ్ళు ఒకే కాటుక పెట్టుకోవడం మనకి ముచ్చటైన అలవాటు. ముచ్చట సంగతి అటుంచి, ఆ అలవాటు మానుకుంటేనే మంచిది.

చంటిపిల్లల కాటుక గురించి ఒక మాట. ఇంట్లో ఆముదం దీపం మీద పట్టిన కాటుక మసి మాత్రమే. దానిలో సీసం వుండదు. కాని సంతల్లో, దర్గాల దగ్గర అమ్మే కొన్ని సుర్మాలు సీసపు రాయిని నూరి చేసినవి. సీసం పిల్లల ఒంట్లో చేరితే మెదడు ఎదుగుదల మీద దెబ్బ. ఏది ఎలాంటిదో చూసి చెప్పలేం కాబట్టి పిల్లల కళ్ళలో ఏదీ పెట్టవద్దని పిల్లల డాక్టర్లు అంటారు. దిష్టి చుక్క పెట్టకపోతే అమ్మమ్మ వూరుకోదంటారా, ఇంటి కాటుకతో అరికాలిలో పెట్టండి. దిష్టి అక్కడ పెట్టినా తగలదు.

వాసన చూడండి, రంగు చూడండి

కంటివి అయ్యాక మిగతావి ఒక పాత దినపత్రిక మీద పరచండి. ఒక్కొక్కటే చేతిలోకి తీసుకోండి.

వేలితో ముంచి తీసే క్రీము డబ్బా తెరిచి ఆరు నెలలు దాటి ఏడాదికి దగ్గరపడితే దాన్ని వదిలెయ్యండి. నొక్కితే వచ్చే ట్యూబు, పంపు సీసా ఇంకొంత కాలం వుంటాయి, లోపలికి చెయ్యి వెళ్ళదు కనక. లిప్‌స్టిక్కులో నీరు తక్కువ, ఏడాది రెండేళ్ళు ఆగుతుంది. కాని కనరు వాసన వచ్చినా, పైన తడి చెమ్మట బొట్లు కట్టినా, పెదవి చివర పుండు వున్న రోజుల్లో వాడినా వుంచవద్దు. ఆ పెదవి పుండ్ల వైరస్ ఒకరి లిప్‌స్టిక్కునుంచి ఇంకొకరికి అంటుకోగలదు. దుకాణంలో అందరూ గీసుకుని చూసే నమూనా లిప్‌స్టిక్కుని పెదవికి కాక చేతికి గీసి చూడమనడం కూడా అందుకే.

పొడులు గట్టిపిండాలు. నీరు లేదు కాబట్టి రెండేళ్ళదాకా ఢోకా వుండదు. ముప్పు పొడిలో కాదు, దాన్ని అద్దే పఫ్‌లో. చెమట, నూనె పీల్చి పీల్చి అది తోలులా అట్టకట్టి వుంటుంది. వారానికోసారి సబ్బునీళ్ళలో ఉతికి ఎండలో ఆరబెట్టండి, లేదా కొత్తది కొనండి. ఖర్చు కొద్దిపాటిదే. మొహం కడిగి, ఖరీదైన పౌడరు తీసి, ఆ మురికి పఫ్‌తో అద్దుకుని "ఏం వాడినా మొటిమలు తగ్గడంలేదు" అని బాధపడే అమ్మాయిలు ఈ ఒక్కటీ మార్చి చూడాలి.

విటమిన్ సి సీరం అని ఇప్పుడు బాగా వాడుతున్నారు. కొన్నప్పుడు నీళ్ళలాగానో లేత పసుపుగానో వుండి, కొన్నాళ్ళకి టీ డికాక్షన్ రంగుకి తిరుగుతుంది. గాలి తగిలి పాడయిందని గుర్తు. అప్పుడిక రాసుకున్నా ఫలం లేదు, మంట మాత్రం పుట్టవచ్చు.

గోళ్ళరంగులో క్రిములు పెరగవు. చిక్కబడితే వాడలేరు, అంతే. సెంటు సీసాల్లో స్పిరిటు వుంటుంది కనక అవీ క్రిములు పట్టవు. అయితే పాతబడిన సెంటులోని పరిమళ ద్రవ్యాలు గాలి తగిలి మారిపోయి, కొందరికి చర్మం మీద దద్దురు తెప్పిస్తాయి. పాత సెంటు వుంచుకోవాలని వుంటే ఒంటికి కాకుండా బట్టలకి కొట్టుకోండి.

"మేం రసాయనాలు వాడమండీ, అంతా సహజమే" అనేవాళ్ళు నిశ్చింతగా వుండకూడదు సుమా! ఎవరో ఇంట్లో చేసి వాట్సాప్ గ్రూపుల్లో అమ్మే కలబంద జెల్లూ, కుంకుమపువ్వు క్రీమూ కాపలా రసాయనం లేనివైతే మరీ తొందరగా పాడవుతాయి. మన సున్నిపిండి మంచిది, పొడిగా వున్నంతకాలం. పాలో పెరుగో కలిపితే ఆ పూటకే. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు మొహానికి పట్టించడం తగదు.

ఇక స్టిక్కరు బొట్టు. రాత్రి తీసి బాత్‌రూం అద్దానికి అంటించడం, పొద్దున్నే అదే తీసి నుదుట పెట్టుకోవడం ఎన్ని ఇళ్ళలో చూడటం లేదు! జిగురు అరిగేదాకా వారం రోజులు నడిపిస్తారు. అద్దం మీది దుమ్మూ తడీ సబ్బు నురగా అన్నీ ఆ జిగురుకి పడతాయి. ఇంకా ముఖ్యమైనది, కొన్ని స్టిక్కర్ల జిగురులో వుండే బ్యూటైల్ ఫినాల్ జాతి రసాయనం చర్మానికి రంగునిచ్చే కణాల్ని చంపుతుంది. అందుకే కొందరికి సరిగ్గా బొట్టు పెట్టుకునే చోట, బొట్టంత తెల్లమచ్చ పడుతుంది. బొల్లి అని బెంగపడి ఎక్కడెక్కడో తిరుగుతారు. నుదుట దురదగాని, రంగు వెలిసినట్టుగాని అనిపిస్తే అట్టలన్నీ ఆ రోజే పారేసి చర్మవ్యాధుల డాక్టరుకి చూపించండి. మొదట్లోనే మానేస్తే చాలామందికి రంగు తిరిగి వస్తుంది.

పేరులేని ఆ తెల్ల డబ్బా

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒక ఎత్తు, అడుగున దొరికిన ఆ తెల్ల డబ్బా ఒక ఎత్తు. దానికి పాతా కొత్తా తేడా లేదు.

కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో ఒక ఆస్పత్రి మూత్రపిండాల డాక్టర్లకి 2021 నుంచి ఒక వింత ఎదురైంది. కాళ్ళవాపులతో, నురగ కట్టే మూత్రంతో మనుషులు వస్తున్నారు. మూత్రపిండంలో జల్లెడలాంటి పొర దెబ్బతిని, ఒంట్లో వుండవలసిన ప్రొటీను మూత్రంలో పోతోంది. అడిగి అడిగి తెలుసుకుంటే తేలిందేమిటి? మొహం తెల్లబడటానికి వాడిన క్రీము! 2023 సెప్టెంబరు దాకా ఆ జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలిస్తే, 15 మందిలో ఆ జబ్బు ఒక ప్రత్యేకమైన రకానికి చెందినది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినవాళ్ళే. ఆ వివరాలు మూత్రపిండాల శాస్త్రానికి పేరుపొందిన ఒక అంతర్జాతీయ పత్రికలో వచ్చాయి. క్రీము మానేశాక ఎక్కువమంది కోలుకున్నారు. అదొక్కటే ఈ కథలో చల్లని మాట.

క్రీములో వున్నది పాదరసం. చర్మానికి నలుపునిచ్చే పదార్థం తయారు కాకుండా అది అడ్డుకుంటుంది. అందుకే రెండు వారాల్లో మొహం వెలిగిపోతుంది, పక్కింటివాళ్ళు "ఏం వాడుతున్నారండీ?" అని అడుగుతారు. ఆ వెలుగు కిందనుంచి పాదరసం చర్మంలో ఇంకి మూత్రపిండాలకి చేరుతుంది. రాసుకున్నవాళ్ళతోనే ఆగదు. తువ్వాలు, దిండుగలేబుల ద్వారా, దాని ఆవిరి ద్వారా పిల్లలకీ సోకుతుంది. కడుపుతో వున్న ఆడవాళ్ళు మరీ భయపడాలి.

మన నియమాల ప్రకారం కంటికి కాని మామూలు క్రీములో పాదరసం కావాలని కలపకూడదు. పొరపాటున చేరినా కిలోకి 1 మిల్లీగ్రాము మించకూడదు. 2023లో జెనీవాలో సమావేశమైన మినమాటా ఒప్పందపు దేశాలు, పాదరసం కలిపిన సౌందర్య సాధనాల తయారీ, ఎగుమతి, దిగుమతి 2025తో ఆగిపోవాలని తీర్మానించాయి. మినమాటా అంటే సముద్రంలో కలిసిన పాదరసం వల్ల వేలమంది నరకం చూసిన జపాను వూరు. ఆ పేరే ఒప్పందానికి పెట్టారు. చట్టాలు ఇలా వున్నా, దొంగసరుకు చట్టం చదువుకుని రాదు కదా.

గుర్తుపట్టడం ఎలా? తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు లేని డబ్బా మొదటి గుర్తు. విదేశీ సరుకైతే మన దేశంలో దిగుమతి చేసినవారి పేరు, రిజిస్ట్రేషను నంబరు వుండాలి. లేబులు మీద కలోమెల్ అనో, మెర్క్యురీ, మెర్క్యురస్ క్లోరైడ్ అనో వుంటే ఇక ఆలోచించవద్దు. మరో చమత్కారమైన గుర్తు: "బంగారం, వెండి, అల్యూమినియం తగలనివ్వకండి" అని వాడే పద్ధతిలో రాసి వుంటుంది కొన్నిటిమీద. పాదరసం బంగారాన్ని పట్టుకుంటుంది కనక. గాజులు తీసి రాసుకోమనే క్రీము మొహానికి ఎందుకమ్మా?

రెండో రకం డబ్బా మెడికల్ షాపులో దొరికేది. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి స్టిరాయిడ్ వున్న ట్యూబులు. ఎప్పుడో గజ్జికో తామరకో ఇంట్లో ఎవరికో డాక్టరు రాసిచ్చినది, మిగిలిపోయి, మొహానికి రాస్తే తెల్లగా వచ్చిందని అలవాటుగా మారుతుంది. నెలలకొద్దీ రాస్తే మొహం పలచబడి, ఎర్రనాళాలు తేలి, మొటిమలు విరగకాసి, ఎండలోకి వెళ్తే భగ్గుమంటుంది. మన దేశపు చర్మ వైద్యులు దీనికి స్టిరాయిడ్ పాడుచేసిన మొహం అని పేరే పెట్టారు. వాళ్ళు ఏళ్ళతరబడి మొత్తుకున్నాక 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి 14 మందుల్ని డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని జాబితాలో చేర్చింది. చీటీ లేకుండా అమ్మేవాళ్ళు లేరనుకుంటే మీరు అమాయకులు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మిగతావన్నీ నిర్భయంగా పారెయ్యండి. స్టిరాయిడ్ క్రీము నెలలుగా మొహానికి వాడుతున్నవాళ్ళు మాత్రం అది హఠాత్తుగా మానితే నాలుగు రోజుల్లో మొహం ఎర్రబడి, మండి, ఉబ్బుతుంది. "క్రీము మానేసినందుకే ఇలా అయింది" అని మళ్ళీ అదే కొనుక్కొస్తారు. అలా ఏళ్ళు గడుస్తాయి. ఆ ట్యూబు పట్టుకుని చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఎలా తగ్గించాలో, మంటకి ఏం రాయాలో ఆయన చెబుతారు.

అసలు తెల్లబడాలన్న తాపత్రయం సంగతి మాట్లాడితే ఈ పేజీలు చాలవు. 1975లో మన మార్కెట్లోకి వచ్చిన ప్రసిద్ధమైన క్రీము తన పేరులోంచి తెలుపు అనే మాటని 2020లో తీసేసింది. పెళ్ళి సంబంధాల ప్రకటనల్లోంచి ఎప్పుడు తీస్తారో మరి.

ఎవరికివ్వాలి, ఎక్కడ వెయ్యాలి

దినపత్రిక మీద ఒక కుప్ప తయారయింది. ఇప్పుడు చాలామంది ఇళ్ళలో జరిగేదేమిటంటే, "పాపం, పారెయ్యడమెందుకు, మన పనమ్మాయికి ఇద్దాం" అంటారు. వద్దండీ. మీ చర్మానికి పనికిరాదని పక్కన పెట్టింది ఆమె చర్మానికి ఎలా పనికొస్తుంది? ఆమెకి కన్ను వాస్తే సెలవు పెట్టాలి, నాలుగిళ్ళ జీతం కోత పడుతుంది. ఇవ్వాలని మనసుంటే సీలు తియ్యని కొత్త సబ్బో, నూనె సీసానో ఇవ్వండి. మనవరాలి బొమ్మలాటకి పాత లిప్‌స్టిక్కులు ఇవ్వడం కూడా ఇలాంటిదే. అది బొమ్మకి పూసి ఆగుతుందా, తనకీ పూసుకుంటుంది.

క్రీములు సింకులో పొయ్యకండి. గొట్టం పూడుకుంటుంది, మిగిలింది మురుగులో కలుస్తుంది. పాత కాగితంలో తుడిచేసి ఆ కాగితం పొడి చెత్తలో, ఖాళీ సీసా కడిగి సీసాల్లో వెయ్యండి. పాదరసం వుందని అనుమానమున్న డబ్బాని కడగవద్దు. మూత బిగించి, టేపు చుట్టి, కవర్లో మూటకట్టి, పాత బ్యాటరీలూ ట్యూబులైట్లూ ఇచ్చినట్టు చెత్త బండి అతనికి విడిగా చెప్పి ఇవ్వండి. మంచి కంపెనీ సీసాల లేబుళ్ళు చింపి, అట్టపెట్టెలు నలిపి పారెయ్యండి. ఖాళీ సీసాల్లో నకిలీ సరుకు నింపి అమ్మేవాళ్ళు వాటికోసం కాచుకుని వుంటారు.

ఇక కొత్తవి కొనేటప్పుడు: చిన్న సైజు కొనండి, డబ్బా కన్నా ట్యూబు మేలు, ఒకటి అయ్యాకే ఇంకొకటి తెరవండి. మూత తీసిన రోజునే అడుగున స్కెచ్ పెన్నుతో నెలా సంవత్సరం రాసెయ్యండి. అరనిమిషం పని. దీపావళికి ఇల్లు దులుపుతాం కదా, ఆ వారంలోనే సొరుగు కూడా దులిపితే గుర్తుంటుంది. కంటివి మాత్రం అంతకాలం ఆగవు.

ఇలా శుభ్రం చేసి, మెత్తని సబ్బు, ఒక మామూలు క్రీము, పగలు సన్‌స్క్రీను, అంతవరకే వాడుతూ నాలుగు వారాలు చూడండి. పైచర్మం కొత్తగా ఏర్పడటానికి రమారమి అంత కాలం పడుతుంది. చిన్న చిన్న పొక్కులూ, కారణం తెలియని దురదా చాలామందికి ఆ లోపే సర్దుకుంటాయి. సర్దుకోకపోతే, లేక ఇప్పటికే మొహంమీద మచ్చలో దద్దురో వుంటే డాక్టరుకి చూపించాలి. కంటినొప్పి, ఎరుపు, చూపు మసక వుంటే మాత్రం నాలుగు వారాలు కాదు, ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆయన మొదట అడిగేది "ఏమేం వాడారు?" అనే. అందుకని కుప్ప చెత్తబుట్టలోకి వెళ్ళేముందు ప్రతి డబ్బా ముందూ వెనకా ఫోనులో ఒక ఫొటో తీసి పెట్టుకోండి.